గన్నవరం రన్‌వే: నేల నుంచి చూసిన కథ

విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన మాటామంతీ ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట మార్చలేదు. మాట్లాడినాయన ఎయిర్‌పోర్టుల్లో చాలా ఏళ్ళు ఆపరేషన్స్ పని చేసి రిటైరైన మనిషి.

అందరికీ నమస్కారం అండీ. బాబూ, తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలూ, లోపలికి రండి, ఇక్కడ ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి రండి. పెద్దవాళ్ళు చాలామంది వచ్చారు, బుద్ధవరం నుంచి, కేసరపల్లి నుంచి, అజ్జంపూడి నుంచి. మీరు వస్తారని అనుకోలేదు, వచ్చినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం మీ కథే.

ముందు ఒక మాట అడుగుతాను. ఎయిర్‌పోర్టు అనగానే మీ కళ్ళముందు ఏం కనపడుతుంది? చెప్పండమ్మా. ఆ, అద్దాల బిల్డింగు. ఇంకా? ఎస్కలేటరు. ట్రాలీలు. సెల్ఫీ. అవునా? అందరూ అదే చెప్తారు. ముప్పై ఏళ్ళ పైన ఆ పనిలో ఉన్నవాడిగా చెప్తున్నాను, ఆ బిల్డింగు ఎంత చిన్నదైనా విమానం దిగుతుంది. షెడ్డు వేసి ప్రయాణికుల్ని కూర్చోబెట్టినా దిగుతుంది. రన్‌వే పొడవు చాలకపోతే మాత్రం ఎంత పెద్ద బిల్డింగు కట్టినా దిగదు. అందుకని నేను ఇవాళ మన గన్నవరం కథని బిల్డింగు వైపు నుంచి చెప్పను, నేల వైపు నుంచి చెప్తాను, రన్‌వే ఎన్ని అడుగులు, ఆ అడుగులు ఎవరివి, ఆ అడుగులు పెరిగినప్పుడల్లా మనకి ఏం వచ్చింది, అదీ.

మొదలు ఎక్కడ? రెండో ప్రపంచ యుద్ధం. మన గన్నవరం ఫీల్డు యుద్ధం రోజుల్లో సైన్యం వాడుకున్న చోటు. అప్పటి సంగతి కొంచెం ఊహించుకోండి, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి, కోస్తా అంతా భయం, జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్ళకి వెళ్ళిపోయిన రోజులు. మీ ఇళ్ళల్లో తాతమ్మలు చెప్పే ఉంటారు. అలాంటి కాలంలో పుట్టిన ఎయిర్‌ఫీల్డు మనది. ఎవరో బెజవాడ వ్యాపారస్తులు హైదరాబాద్ వెళ్ళడానికి కట్టింది కాదు.

ఇంకోటి చెప్తాను, పిల్లలకి నచ్చుతుంది. మీ బోర్డింగ్ పాస్ మీద విజయవాడకి వీజీఏ అని మూడక్షరాలుంటాయి కదా, అది టికెట్ల వాళ్ళ కోడ్. మా టవర్ వాళ్ళకి, పైలట్లకి ఇంకో కోడ్ ఉంటుంది, నాలుగక్షరాలు. మనది వీ ఓ బీ జెడ్. వీ అంటే మన దక్షిణాసియా వైపు, ఓ అంటే దక్షిణ భారతం. మరి బీ జెడ్? బెజవాడ! ఊరి పేరు బోర్డుల మీద మారిపోయి ఎన్నేళ్ళయింది చెప్పండి, రైల్వే వాళ్ళ దగ్గర బీజెడ్ఏ మిగిలింది, ఆకాశంలో బీజెడ్ మిగిలింది. లండన్‌లో కూర్చుని ఎవరైనా ఫ్లైట్ ప్లాన్ రాసినా సరే బెజవాడ అనే రాయాలి. నాకు ఆ కోడ్ చూసిన ప్రతిసారీ గుండె నిండుతుంది.

సరే. యుద్ధం అయిపోయింది, ఫీల్డు మిగిలింది. తర్వాత చాలా ఏళ్ళు మనది నిద్రపోయే ఎయిర్‌పోర్టు, ఆ మాట ఒప్పుకోవాలి. 80ల్లో వాయుదూత్ అని ఒక ప్రభుత్వ సంస్థ వచ్చింది, 1981లో పెట్టారు, చిన్న ఊళ్ళకి చిన్న విమానాలు నడపాలని. మంచి ఆలోచనే, కానీ నష్టాలు తట్టుకోలేక 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ఆ తర్వాత చాలాకాలం గన్నవరం ఎయిర్‌పోర్టు అంటే ఏంటి? ముఖ్యమంత్రి వస్తే తెరిచే గేటు. అంతేనా? హైవే మీద బస్సులో వెళ్తుంటే ఫెన్సింగ్ అవతల గడ్డి కనపడేది, విమానం కనపడేది కాదు. ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

2003 సెప్టెంబర్. ఈ నెల గుర్తు పెట్టుకోండి. కెప్టెన్ గోపీనాథ్ గారు పెట్టిన ఎయిర్ డెక్కన్ అప్పటికి నెల రోజుల బిడ్డ, ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్లీకి మొదలుపెట్టారు, వెంటనే హైదరాబాద్ - విజయవాడ వేశారు. చిన్న ఏటీఆర్ విమానం, నలభై చిల్లర సీట్లు, రెక్కల మీద ఫ్యాన్లు తిరుగుతుంటాయే, అది. మొదటి ఫ్లైట్‌లో వెంకయ్యనాయుడు గారు, ఇంకా పెద్దలు ఎక్కారు. బేగంపేటలో బయలుదేరబోతుండగా ఇంజిన్‌లో మంట వచ్చింది! అందరూ క్షేమంగా దిగారు, ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆలోచించండి, కొత్త కంపెనీ, కొత్త రూటు, మొదటి రోజు, టీవీ కెమెరాల ముందు ఇంజిన్‌లో మంట. ఇంకొకళ్ళైతే ఆ రూటు జోలికి మళ్ళీ పోయేవాళ్ళు కాదు. వాళ్ళు పోయారు. ఆ సర్వీసు నడిచింది. రోజుకి ఒకటి, తర్వాత ఇంకొకటి, అలా 2011 దాకా మన ఎయిర్‌పోర్టు బతికింది అంటే రోజుకి తిరిగే నాలుగు చిన్న ఫ్లైట్ల మీదే బతికింది. 2011 నుంచి మిగతా కంపెనీలు ఒక్కొక్కటే వచ్చాయి.

ఎందుకు చిన్న విమానాలే వచ్చాయి, పెద్దవి ఎందుకు రాలేదు అని ఎవరికైనా అనుమానం వచ్చిందా? జనం లేకనా? కాదండీ, జనం ఉన్నారు. కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు ఎంతమంది, లెక్క పెట్టగలమా? ప్రతి ఊళ్ళో, ప్రతి వీధిలో ఒకళ్ళు. ఆ పిల్లల్ని ఎక్కించడానికి అమ్మానాన్నలు ఏం చేసేవాళ్ళు? రాత్రి బస్సెక్కి, పచ్చడి సీసాలకి చుట్టూ ప్లాస్టిక్ చుట్టి, సూట్‌కేసు ఇంట్లో త్రాసు మీద మూడుసార్లు తూచుకుని, ఇక్కడి నుంచి 275 కిలోమీటర్లు హైదరాబాద్ వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ శంషాబాద్ వెళ్ళి, గ్లాసు తలుపు బయట నిలబడి చెయ్యి ఊపి, మళ్ళీ రాత్రంతా బస్సులో ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చేవాళ్ళు. ఇప్పుడు కూడా చాలామంది అదే చేస్తున్నారు. కాబట్టి జనం లేక కాదు. మరి?

రన్‌వే 7500 అడుగులు. అంటే 2286 మీటర్లు. ఏటీఆర్‌కి ఇది చాలా ఎక్కువ. ఎయిర్‌బస్ 320 లాంటి 180 సీట్ల విమానానికి సరిపోతుంది, మామూలు రోజున. మామూలు రోజున అన్నాను, ఆ మాట పట్టుకోండి. ఎందుకంటే మనది బెజవాడ! బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు రాలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటారు కదా, రోళ్ళు పగిలే ఎండకి విమానం ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

చెప్తాను, ఇది నాకు ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. విమానం లేచేది గాలి వల్ల. రెక్క కింద గాలి ఎంత చిక్కగా ఉంటే అంత త్వరగా లేస్తుంది. ఎండ పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది, పాలు కాస్త నీళ్ళు కలిపితే పల్చబడ్డట్టు. 45 డిగ్రీల మధ్యాహ్నం రెక్కకి పట్టు దొరకదు, ఇంజిన్ కూడా పీల్చుకునేది అదే పల్చటి గాలి కాబట్టి దానికీ బలం తగ్గుతుంది. అప్పుడు విమానం ఏం చెయ్యాలి? ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తి, ఇంకా ఎక్కువ స్పీడు తెచ్చుకుని లేవాలి. పరుగెత్తడానికి నేల ఉండాలి కదా. నేల లేకపోతే? బరువు తగ్గించుకోవాలి. బరువు అంటే ఏంటి? మనుషులు, సామాను, ఆయిలు. మనుషుల్ని దింపితే గొడవ, సామాను వదిలేస్తే గొడవ, ఆయిలు తగ్గిస్తే దూరం పోలేదు. మే నెల మధ్యాహ్నం మన దగ్గర నుంచి దూరం ఊరికి నిండు విమానం పంపాలంటే ఈ లెక్కే. డిస్పాచ్ వాళ్ళు ప్రతి ఫ్లైటుకీ ఈ లెక్క వేస్తారు, ఆ రోజు ఎండ ఎంత, గాలి ఎటు నుంచి, బరువు ఎంత అని. మీరు సీట్లో కూర్చుని ఏసీ సరిగ్గా రావట్లేదని విసుక్కుంటుంటారు, అవతల ఇంత లెక్క జరుగుతుంటుంది.

అందుకని గల్ఫ్‌కి, సింగపూర్‌కి, అంతకంటే దూరానికి ఇక్కడి నుంచి నిండుగా విమానాలు వెళ్ళాలంటే ఒకటే దారి, రన్‌వే పొడిగించాలి. 7500 అడుగుల్ని 11,023 అడుగులు చేశారు. 3360 మీటర్లు. అంటే కిలోమీటరు పైన కొత్త నేల. ఆ కిలోమీటరు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ కూర్చున్న మీ దగ్గర నుంచి వచ్చింది.

బాబాయిగారూ, మీరు తల ఊపుతున్నారు, నేను తప్పు చెప్తే ఆపండి. రాష్ట్రం విడిపోయాక, అమరావతి రాజధాని అన్నాక, ఎయిర్‌పోర్టు విస్తరణ కోసం సుమారు 700 ఎకరాలు తీసుకున్నారు. బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి, అల్లాపురం, ఈ చుట్టుపక్కల ఊళ్ళు. అది బీడు కాదు, కాలువ కింద భూమి, రోడ్డు పక్కన భూమి, విజయవాడకి 20 కిలోమీటర్ల దూరంలో భూమి. ఏలూరు కాలువని కూడా పక్కకి తప్పించాలన్నారు. మామూలుగా భూసేకరణ అంటే డబ్బు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. ఇక్కడ ఎక్కువ భాగం ల్యాండ్ పూలింగ్. అంటే ఏంటి? మీ ఎకరం ఇవ్వండి, దానికి బదులు అమరావతిలో ప్లాట్లు ఇస్తాం, ఇళ్ళకి ఇంత, వ్యాపారానికి ఇంత, పైగా ఏడాదికి కౌలు ఇస్తాం. దేశంలో ఎయిర్‌పోర్టు కోసం ఇలా ఊరవతల ఇంకో చోట ప్లాట్లకి ఒప్పుకుని నేల ఇచ్చిన రైతులు ఎంతమంది ఉంటారు? ఇది చిన్న నమ్మకం కాదండీ. కళ్ళముందున్న చేను ఇచ్చి, ఇంకా కట్టని ఊళ్ళో, గీత గీసిన కాగితం మీద ఉన్న ప్లాటు తీసుకున్నారు.

తర్వాత ఏమైందో మీకే బాగా తెలుసు. 2019 తర్వాత అమరావతి పనులు ఆగిపోయాయి. ఆ ప్లాటు ఉన్న చోట తుమ్మచెట్లు మొలిచాయి. కేసరపల్లిలో 39 ఎకరాలు ఇచ్చిన సినీ నిర్మాత అశ్వనీదత్ గారు 2020లో హైకోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది, మా భూమికి తగ్గ విలువ ఇవ్వండి, లేదా మా దారి చూపించండి అని. పేరున్న ఆయనే కోర్టుకి వెళ్ళాల్సి వస్తే, అరెకరం, ఎకరం ఇచ్చినవాళ్ళ సంగతేంటి? వాళ్ళు ఏ లాయరు దగ్గరికి వెళ్తారు? ఇళ్ళు పోయినవాళ్ళు కూడా ఉన్నారు, ఆ సంగతి వేరే. 2024 తర్వాత రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి, బాగానే ఉంది, కానీ ఆ అయిదేళ్ళలో పెళ్ళి చెయ్యాల్సిన ఆడపిల్లకి పెళ్ళి ఆగలేదు కదా, పిల్లాడి కాలేజీ ఫీజు ఆగలేదు కదా. ఆ అప్పు ఎవరు తీర్చారు? రైతే తీర్చాడు. నేను ఈ మాట ఏ పార్టీ వైపు నుంచీ అనట్లేదు. ఆ రన్‌వే మీద వేల విమానాలు దింపడం చూసిన మనిషిగా అంటున్నాను. 11,023 అడుగుల్లో ప్రతి అడుగూ ఎవరో ఒకరి గట్టు, ఎవరో ఒకరి బోదె.

మంచినీళ్ళు ఇవ్వమ్మా... థాంక్స్.

సరే, నేల వచ్చింది. 2019 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ఇక్కడికి వచ్చారు, కొత్త టెర్మినల్‌కి శంకుస్థాపన చేశారు. గమనించారా, 2003లో ఆ మొదటి ఫ్లైటు ఎక్కినాయనే. పొడిగించిన రన్‌వే పూర్తిగా వాడకంలోకి వచ్చింది 2021లో. రన్‌వే వేసెయ్యగానే వాడేస్తారనుకోకండి, లైట్లు మార్చాలి, విమానం నేలని తాకే గుర్తులు మార్చాలి, మ్యాపులు మార్చి ప్రపంచంలో పైలట్లందరికీ తెలిసేలా ముందే నోటీసు ఇవ్వాలి, డీజీసీఏ, అంటే దేశంలో విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, వాళ్ళు వచ్చి చూసి ఒప్పుకోవాలి.

బిల్డింగు సంగతి గబగబా చెప్పేస్తాను. పాత టెర్మినల్ చిన్నది, రెండు ఫ్లైట్లు ఒకేసారి వస్తే కూర్చోడానికి చోటుండేది కాదు. 2017 జనవరి 12న అంతకంటే పెద్ద టెర్మినల్ తెరిచారు, ఒకేసారి 500 మందికి సరిపోయేలా. అదే ఏడాది మేలో కేంద్ర కేబినెట్ ఇంటర్నేషనల్ హోదా ఇచ్చింది. ఇంకో పెద్ద టెర్మినల్, ఆ 2019లో శంకుస్థాపన చేసింది, 35 వేల చదరపు మీటర్లలో, ఒకేసారి 1200 మంది పట్టేలా, 611 కోట్ల అంచనాతో మొదలుపెట్టారు, అది లేటు మీద లేటు అయింది. విభజన నాటికి ఏడాదికి రెండు లక్షల చిల్లర మంది తిరిగే చోట 2018-19కి దాదాపు 12 లక్షల మంది తిరిగారు. నాలుగేళ్ళలో! ఇంటర్నేషనల్ హోదా అంటే బోర్డు మార్చడం కాదు, ఇమ్మిగ్రేషన్ కావాలి, కస్టమ్స్ కావాలి, హెల్త్ ఆఫీసు కావాలి, ఆ మనుషులు రోజుకి ఒక్క ఫ్లైటు ఉన్నా సరే కూర్చుని ఉండాలి.

2018 డిసెంబర్ 4న మొదటి విదేశీ ఫ్లైటు, సింగపూర్‌కి. రాష్ట్ర ప్రభుత్వం సీట్లు నిండకపోతే ఆ లోటు మేం ఇస్తాం అని కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఫ్లైట్లు బాగానే నిండాయి, అయినా 2019లో ఒప్పందం ముందుకి పోలేదు, ఫ్లైటు ఆగిపోయింది. మళ్ళీ సింగపూర్ ఫ్లైటు వచ్చింది 2025 నవంబర్‌లో. ఎన్నేళ్ళు పోయాయి చూడండి. ఈ మధ్యలో 2022 చివర్లో షార్జా ఫ్లైటు మొదలైంది, అది నాకు సింగపూర్ కంటే పెద్ద విషయం అనిపించింది. ఎందుకంటే గల్ఫ్ వెళ్ళేవాళ్ళు ఎవరు? గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళల్లో పని చెయ్యడానికి వెళ్ళే ఆడవాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు. వాళ్ళకి భాష రాని ఊళ్ళో విమానం మారడం ఎంత కష్టమో మనకేం తెలుస్తుంది? 2020లో కరోనా అప్పుడు విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళని తీసుకొచ్చిన వందే భారత్ ఫ్లైట్లలో అలాంటివాళ్ళు గన్నవరంలో దిగారు. మాస్కులు, గ్లౌజులు, కొంతమంది దిగగానే వంగి నేలని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. 2023లో హజ్ యాత్రికులు మొదటిసారి నేరుగా ఇక్కడి నుంచే వెళ్ళారు, అంతకుముందు హైదరాబాద్ పోవాల్సి వచ్చేది. ముసలివాళ్ళని సాగనంపడానికి మనవళ్ళు, మనవరాళ్ళు అందరూ వచ్చారు, హైవే దాకా జనమే. శంషాబాద్ దాకా ఇంతమంది వెళ్ళగలరా?

కంపెనీల మాట కూడా చెప్పాలి. ఎయిర్ కోస్టా గుర్తుందా? అది మన విజయవాడ కంపెనీ అండీ, ఇక్కడివాళ్ళు పెట్టింది, 2013 అక్టోబర్‌లో ఎంబ్రాయర్ జెట్లతో మొదలుపెట్టారు. మన పిల్లలు చాలామంది దాంట్లో ఉద్యోగం చేశారు. 2017 ఫిబ్రవరి ఆఖర్లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయింది. ట్రూజెట్, అదే చిన్న ఊళ్ళకి తక్కువ టికెట్‌తో విమానాలు నడిపే కేంద్రం వాళ్ళ ఉడాన్ పథకం మొదలైన రోజు 2017 ఏప్రిల్ 27న కడప - హైదరాబాద్ నడిపిన కంపెనీ, అదీ 2022లో ఆగిపోయింది. వాయుదూత్ నుంచి లెక్క పెట్టండి, ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి. తోక మీద రంగులు మారిపోతుంటాయి. ఆయిలు మీద పన్ను రాష్ట్రం 1 శాతానికి తగ్గించింది, అదొక మంచి పని, ఎందుకంటే ఫ్లైటు ఖర్చులో ఆయిలుదే పెద్ద వాటా, ఎక్కడ చవక అయితే అక్కడ నింపుకోవాలని చూస్తారు, మన లారీవాళ్ళు బోర్డర్ దగ్గర బంకు చూసి డీజిల్ కొట్టించుకున్నట్టే.

ఇప్పుడు రోజూ ఏం జరుగుతుందో చెప్తాను. పిల్లలూ, ఇది మీకోసం.

తెల్లవారుజామున మొదటి ఫ్లైటు రాకముందే ఒక జీపు రన్‌వే మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా వెళ్తుంది. దేనికి? వెతకడానికి. ఒక బోల్టు, ఒక రాయి, టైరు ముక్క, చచ్చిన పిట్ట, పాము, ఏదైనా సరే. చిన్న ఇనుప ముక్క ఇంజిన్‌లోకి పోతే కోట్ల నష్టం, ప్రాణాల సంగతి సరేసరి. ఆ జీపులో కుర్రాళ్ళ కళ్ళు ఎంత చురుగ్గా ఉంటాయంటే హెడ్‌లైట్ వెలుగులో సీసా మూత కూడా పట్టుకుంటారు. ఎవరికీ తెలియదు వాళ్ళ పేర్లు. మీరు క్షేమంగా దిగారంటే అందులో వాళ్ళ వాటా ఉంది.

మన రన్‌వే పేరు 08, 26. ఒకే రన్‌వేకి రెండు పేర్లేంటి? తూర్పు వైపు ముఖం పెడితే దిక్సూచి మీద 80 డిగ్రీలు, సున్నా తీసేస్తే 08. పడమర ముఖం పెడితే 260, అది 26. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగాలి ఉంటే త్వరగా ఆగుతుంది. నైరుతి రుతుపవనాలప్పుడు పడమటి గాలి కదా, అప్పుడు హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతాయి. మీ డాబా మీద నిలబడి ఇవాళ విమానం ఎటు నుంచి దిగుతోందో చూస్తే గాలి ఎటు నుంచో చెప్పెయ్యొచ్చు.

రన్‌వే పక్కన నాలుగు లైట్లు వరసగా ఉంటాయి, పాపీ అంటారు. పైలట్‌కి రెండు తెల్లవి, రెండు ఎర్రవి కనపడితే సరైన వాలులో దిగుతున్నట్టు. మూడు ఎర్రగా కనపడ్డాయా, కిందకి వచ్చేశాడు. నాలుగూ ఎర్రబడ్డాయా, ప్రమాదం. ఎంత తేలిక ఏర్పాటు చూడండి.

ఇంక పొగమంచు! ఇదొక్కటి చెప్పకపోతే గన్నవరం గురించి చెప్పినట్టే కాదు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే పొద్దున పూట పేపర్లో ఒకటే వార్త, గన్నవరంలో పొగమంచు, గాల్లో చక్కర్లు కొట్టిన విమానాలు. ఎందుకు మనకే ఇంత? చుట్టూ చూడండి. కాలువలు, తడి చేలు, చెరువులు, పక్కన కృష్ణ. రాత్రి మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది, నేలని ఆనుకున్న తేమ అంతా మంచు అయిపోతుంది. ఏ నీళ్ళు ఈ ఊళ్ళకి అన్నం పెట్టాయో ఆ నీళ్ళే తెల్లారి విమానాన్ని ఆపుతాయి. మనలాంటి ఎయిర్‌పోర్టుల్లో మామూలుగా ఉండే దిగే పరికరం క్యాట్ వన్ స్థాయిది. రన్‌వే మీద 550 మీటర్ల దూరం కనపడాలి. పైలట్ పరికరం చెప్పినట్టు దిగుతూ దిగుతూ నేలకి 200 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి రన్‌వే లైట్లు తన కళ్ళకి కనపడాలి. కనపడలేదా, ఇంకో ఆలోచన లేదు, మళ్ళీ పైకి లేపాల్సిందే. అప్పుడు కాసేపు తిరుగుతాడు, ఆయిలు చూసుకుంటాడు, తగ్గకపోతే హైదరాబాద్ వెళ్ళిపోతాడు. లోపల కూర్చున్నవాళ్ళకి కోపం వస్తుంది, ఊరు కింద కనపడుతోంది కదా దించడేంటి అంటారు. పైనుంచి చూస్తే మంచు దుప్పటి పల్చగానే కనపడుతుందండీ, పక్క నుంచి, ఆ దుప్పట్లో దూరి చూస్తే ముందు ఏమీ ఉండదు. ఆ పైలట్ మీకు ఆలస్యం చెయ్యట్లేదు, మిమ్మల్ని మీ ఇంటికి చేరుస్తున్నాడు. దయచేసి ఆ మాట మీ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి.

పిట్టల సంగతి. ఎయిర్‌పోర్టు చుట్టూ 10 కిలోమీటర్ల లోపల చెత్త, మాంసం వ్యర్థాలు బయట పడెయ్యకూడదని చట్టం ఉంది, జంతువుల్ని కొయ్యడం, తోలు తియ్యడం లాంటివి కూడా అడ్డదిడ్డంగా చెయ్యకూడదు. ఎందుకు? గద్దలు వస్తాయి. గద్ద కిలో ఉండొచ్చు, 250 కిలోమీటర్ల స్పీడులో ఇంజిన్‌కి తగిలితే అది బండరాయే. గడ్డి కూడా మరీ పొట్టిగా కొయ్యకూడదు, మరీ పెంచకూడదు, పొట్టిగా ఉంటే పురుగులు కనపడి కొంగలు వస్తాయి, పెరిగితే కుందేళ్ళు, పాములు. మన చుట్టుపక్కల కోళ్ళ ఫారాలున్నాయి, చికెన్ షాపులున్నాయి. అన్నా, వెనక వరసలో నవ్వుతున్నారు, మీకు షాపుందా? ఆ వ్యర్థాలు దయచేసి కాలవ గట్టున పొయ్యకండి. ఇది నేను మిమ్మల్ని చేతులు జోడించి అడిగేది. అలాగే ఇల్లు కట్టేటప్పుడు, సెల్ టవర్ వేసేటప్పుడు ఎత్తుకి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తీసుకోండి, పెళ్ళిళ్ళలో లేజర్ లైట్లు ఆకాశంలోకి తిప్పకండి, డ్రోను ఎగరెయ్యకండి. దిగుతున్న పైలట్ కంట్లో ఆ ఆకుపచ్చ లేజర్ పడితే కొన్ని సెకన్లు ఏమీ కనపడదు.

ఫైర్ స్టేషన్ వాళ్ళు. రన్‌వేలో ఏ మూలకైనా మూడు నిమిషాల్లో చేరాలి, అదీ లెక్క, వీలైతే రెండే. రోజూ ప్రాక్టీసు చేస్తారు. ఏళ్ళ తరబడి ఏమీ జరగదు, అయినా రోజూ చేస్తారు. 2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి వచ్చిన విమానం దిగింది, బాగానే దిగింది, పార్కింగ్ బే వైపు వస్తూ రెక్క ఒక లైటు స్తంభానికి తగిలింది. లోపల 64 మంది, అందరూ క్షేమం. అంటే విమానం నేల మీదకి వచ్చాక కూడా పని అయిపోలేదు, ప్రతి అడుగూ గీత మీదే నడవాలి, ఆ పసుపు గీత నుంచి కాస్త పక్కకి జరిగితే రెక్క ఎక్కడుంటుందో పైలట్‌కి సీట్లో నుంచి సరిగ్గా కనపడదు. అందుకే కింద ఒక మనిషి చేతుల్లో బ్యాట్లు పట్టుకుని సైగలు చేస్తాడు. ఎండలో, వానలో, ఇంజిన్ మోతలో. లోడర్లు కూడా అంతే, మే నెలలో ఆ సిమెంటు నేల మీద నిలబడితే చెప్పుల అడుగు మెత్తబడుతుంది, ఆ ఎండలో విమానం పొట్టలోకి వంగి దూరి మీ సూట్‌కేసులు సర్దుతారు. అందులో మన ఊళ్ళ కుర్రాళ్ళే ఎక్కువ.

డిజియాత్ర గురించి ఒక్క ముక్క. మొహం చూపిస్తే గేటు తెరుచుకునే ఏర్పాటు, దేశంలో మొదటి విడత ఏడు ఎయిర్‌పోర్టుల్లో మనదీ ఒకటి. ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్ లాంటివాటి పక్కన మన పేరు. 2023లోనే వచ్చింది.

ఇప్పుడు ఎవరైనా అడగాలంటే అడగండి.

ఆ, పెద్దాయన అడుగుతున్నారు, "రన్‌వే అంత పొడుగు చేశారు కదా, అమెరికాకి నేరుగా ఎప్పుడు వెళ్తుంది" అని. బాబాయిగారూ, రన్‌వే వరకూ చూస్తే పెద్ద విమానం దిగడానికి, లేవడానికి చోటు వచ్చింది. కానీ నేరుగా అమెరికా అంటే రోజూ మూడు వందల మంది ఇక్కడి నుంచే ఎక్కాలి, అందులో కొంతమంది ఖరీదైన టికెట్ కొనాలి, ఏ కంపెనీ అయినా ఆ లెక్కే చూస్తుంది. దానికంటే ముందు దుబాయ్, అబుదాబి, దోహా లాంటి చోట్లకి రోజూ ఒక ఫ్లైటు ఉంటే చాలు, అక్కడి నుంచి ప్రపంచంలో ఎక్కడికైనా పోవచ్చు, మీరు మీ అబ్బాయిని కేసరపల్లి నుంచి ఆటోలో వచ్చి ఎక్కించి, అన్నం టైముకి ఇంటికి వెళ్ళిపోవచ్చు. నేను గట్టిగా కోరుకునేది అదే.

అమ్మాయ్, నువ్వు చెయ్యెత్తావు. ఏటీసీ ఉద్యోగం, అంటే టవర్‌లో కూర్చుని విమానాలకి దారి చెప్పే పని, ఎలా వస్తుంది? మంచి ప్రశ్న తల్లీ. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళు జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తారు. బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, లేదా ఇంజినీరింగ్. ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత వాయిస్ టెస్ట్, అంటే మాట స్పష్టంగా ఉందా, రేడియోలో అవతలివాళ్ళకి అర్థమవుతుందా అని చూస్తారు. తెలుగు మీడియం అని భయపడకు, యాస ఉన్నా పరవాలేదు, మాట తొందరపడకుండా, నమిలెయ్యకుండా చెప్పడం రావాలి. అది ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకోవచ్చు, రోజూ పేపర్ గట్టిగా చదువు. ట్రైనింగ్ ప్రయాగ్‌రాజ్‌లో, మన హైదరాబాద్‌లో కూడా ఒక సెంటర్ ఉంది, బేగంపేటలో. నువ్వు ఏ ఊరమ్మా? అజ్జంపూడా? మీ వాళ్ళ భూమి కూడా పోయిందా అందులో?

అయితే నువ్వు ఆ టవర్ ఎక్కాలి తల్లీ. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రా, సిలబస్ ఏంటో, ఏ పుస్తకాలు చదవాలో కాగితం మీద రాసిస్తాను.